మూడో ఉదాహరణ

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడ చదివింది పదో తరగతే. కానీ ఇరవై రెండేళ్లుగా ఎందరో పండితుల వాక్యాలను సాపు చేసిన మనిషి కనుక, పెద్ద పేర్లంటే ఆవిడకు పెద్దగా భయం లేదు. ఈసారి బల్లమీదికి వచ్చింది తర్కశాస్త్రం పాఠ్యపుస్తకం. రాసిన ప్రొఫెసరు ముందుమాటలోనే తన్ను తాను నాలుగుసార్లు పొగుడుకున్నాడు.

'చెల్లే వాదాలు' అన్న అధ్యాయంలో మూడు ఉదాహరణలున్నాయి. మూడింటికీ మొదటి వాక్యం ఒకటే: కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది. కరెంటు పోయింది, కాబట్టి ఫ్యాను ఆగింది. బాగానే ఉంది. ఫ్యాను ఆగలేదు, కాబట్టి కరెంటు పోలేదు. ఇదీ సబబే. మూడోది: ఫ్యాను ఆగింది, కాబట్టి కరెంటు పోయింది. ఆవిడ దాని పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టింది.

మర్నాడు ప్రొఫెసరు ఆ కాగితం పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"ఎవరిదీ నిర్వాకం?"

"నాదేనండి. కూర్చోండి."

ఆయన కూర్చోగానే ఆవిడ లేచి ఫ్యాను స్విచ్చు ఆపేసింది. పక్క గదిలో అచ్చు యంత్రం దడదడలాడుతూనే ఉంది. నెత్తిమీద ట్యూబులైటు వెలుగుతూనే ఉంది.

"ఫ్యాను ఆగింది కదండీ. కరెంటు పోయినట్టేనా?"

ప్రొఫెసరు నుదుటి చెమట తుడుచుకున్నాడు. జవాబు మాత్రం ఆవిడకు కాదు, తలుపు దగ్గర నిలబడ్డ ప్రెస్సు యజమానికి చెప్పాడు.

"తర్కం రానివాళ్లు నా పుస్తకంలో తప్పులు వెతుకుతారయ్యా. ఈవిడ వెతికింది. ఈవిడకు తర్కం రాదని దీన్నిబట్టే తెలియడంలా?"

"ఇదీ మూడో ఉదాహరణ లాంటిదేనండి," అంది ఆవిడ. "తర్కం వచ్చినవాళ్లూ వెతుకుతారు."

యజమాని నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ప్రొఫెసరు ప్రశ్నార్థకాన్ని కొట్టేసి, 'ఉన్నదున్నట్టు వేయండి' అని రాసి సంతకం గిలికి వెళ్లిపోయాడు.

అలాగే వేశారు. మూడు నెలలకు ఏదో కాలేజీ లెక్చరరు ఆ ఉదాహరణ పట్టుకుని ఆయన్ని నలుగురిలో కడిగేశాడట. వెంటనే ప్రొఫెసరు ఒక చీటీ రాసి పంపాడు, అచ్చువేసి ప్రతి పుస్తకంలోనూ అతికించమని. పైన 'అచ్చుతప్పు సవరణ' అని పెట్టాడు. తప్పు తనది, మసి ప్రెస్సుకి. కింద సరిదిద్దిన మూడో ఉదాహరణ: కరెంటు పోలేదు, కాబట్టి ఫ్యాను ఆగలేదు.

ఆవిడ రెండుసార్లు చదివింది. కరెంటు ఉండగానే ఫ్యాను ఆగడం ఈ మనిషి కళ్లారా చూశాడు, ఆ గాలిలేక చెమటతో తడిశాడు కూడా. అయినా బుర్రకెక్కలేదు. ఆవిడకు కోపం రాలేదు. కోప్పడేపాటి విలువైనా ఇవ్వబుద్ధి కాలేదు.

"ఇదీ తప్పే," అంది యజమానితో.

"మళ్లీ చెప్పి పంపుదామా అక్కా?"

"ఎందుకు? నాలుగోది రాస్తాడు."

యజమాని చీటీ తీసుకుని యంత్రం వైపు నడిచాడు. ఆవిడ తరువాతి కట్ట ముందుకు లాక్కుంది. బస్సుల టైంటేబులు. బయలుదేరే వేళలు, చేరే వేళలు, అన్నీ ఒకదానికొకటి పొందికగా ఉన్నాయి.