మొద్దుల క్లాసు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. అబద్ధమెందుకు, ఉంటుంది. కానీ బడి వదిలాక ఆ గంటసేపు మాత్రం దాన్ని గుమ్మం బయటే వదిలేస్తాను. మూడో తరగతికి వచ్చినా చదవడం రాని ఏడుగురు పిల్లలు అప్పుడు నా దగ్గర కూర్చుంటారు. మిగతావాళ్లు దాన్ని మొద్దుల క్లాసు అంటారు, వాళ్ల నోళ్లు పడ! ఆ గదిలో నాదొకటే నియమం: ఇక్కడ ఎవరూ ఎవరినీ కొట్టరు.

ఆ మాట నమ్మడానికి దర్జీ కూతురికి మూడు నెలలు పట్టింది. అన్నాళ్లూ నోరు విప్పితే ఒట్టు. ఇంట్లో తప్పు చదివినప్పుడల్లా తండ్రి బట్ట కొలిచే చెక్క స్కేలుతో వాతలు తేలేలా బాదేవాడు. రెండుసార్లు ఇంటికి వెళ్లి చెప్పాను, హెడ్మాస్టరుకీ రాసిచ్చాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అయినా పోయిన వారం పిల్ల గొంతు పెగిలింది. తప్పో ఒప్పో, పైకి చదువుతోంది. మళ్లీ మూగబోతే ఇక నోరు తెరిపించడం నా తరం కాదు.

నిన్న పిల్ల రెండో పేజీ చదువుతుండగా తలుపు దడాలున తెరుచుకుంది. దర్జీ. చేతిలో స్కేలు.

"మొద్దుల్లో కూర్చుని నా పరువు తీస్తావా? వీధంతా నవ్వుతోంది! లేవవే!"

"బాగానే చదువుతోందండీ. ఈ ఒక్క ఏడాదీ నాకొదిలెయ్యండి," అన్నాను.

"మీరు ముద్దు చేసే చెడగొట్టారు టీచరుగారూ!"

పిల్లను జుట్టు పట్టి బెంచీ మీంచి ఈడ్చాడు. వీపు మీద ఒకటి, మోచేతి మీద ఇంకొకటి, మూడోది మూతి మీద. పెదవి చిట్లి పుస్తకం మీద రక్తం పడింది. పిల్ల కుయ్యిమనలేదు.

స్కేలు లాక్కున్నాను. "ఎలా ఉంటుందో చూస్తావా? చూడు!" భుజం మీద కొట్టాను. అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టాను. ఒక దెబ్బ మొహం మీద పడి ముక్కు పగిలి రక్తం బొటబొటా కారింది. వాడు గోడకి జారగిలబడి "చాలమ్మా, చాలు" అని దండం పెట్టినా ఆగలేదు. స్కేలు రెండు ముక్కలయ్యాకే ఆగాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో! వాడు తోక ముడిచాడు. పిల్లలు మాత్రం ఏడుగురూ గోడకి అతుక్కుపోయారు. పాపం, వాణ్ణి చూసి హడలిపోయారనుకున్నాను.

ఇవాళ పిల్ల వస్తుందో రాదోనని ప్రాణం గిలగిలా కొట్టుకుంది. వచ్చింది. వాచిన మూతితోనే నా పక్కన కూర్చుంది.

"భయం లేదురా తల్లీ. ఇక నిన్ను కొట్టేవాళ్లెవరూ లేరు."

పుస్తకం తెరిచింది. మొదటి వాక్యం చదివింది. రెండోదాంట్లో ఒక మాట తప్పు పలికింది. తప్పని దానికే తెలిసింది. కళ్లు గట్టిగా మూసుకుని, అరచెయ్యి నా ముందు చాపింది.