ఐలన్నకు నేర్పిన వాటర్ ఇంగ్లీషు

కళ్ళకు రెప్పలిచ్చిన దేవుడు ముక్కుకు మాత్రం ఏ మూతా పెట్టకుండా వదిలేశాడు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు వస్తాయని ఆయనకు అప్పుడు తెలిసి ఉండదు. సంగారెడ్డి నుంచి బస్సెక్కి ఆ మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగిన ప్రతిసారీ నేను అనుకున్నది ఇదే. కుళ్ళిన గుడ్లూ కాలిన వెంట్రుకలూ కలిపి మరగబెడితే వచ్చే వాసన అది. చీరకు పట్టేది, జడకు పట్టేది, టిఫిన్ డబ్బా మూత తీస్తే పెరుగన్నానికీ పట్టేది. ఇంటికెళ్ళి తలంటుకున్నా దిండు మీద వాసన అలాగే ఉండేది.

నా పేరు దయావతి. సంగారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. తొంభై ఏడులో ఆ ఫ్యాక్టరీ పర్సనెల్ మేనేజర్ శేషగిరి మా బడికి వచ్చాడు. యూరప్ నుంచి మందులు కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారనీ, పనివాళ్ళలో కొందరికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పాలనీ అడిగాడు. శనివారం మధ్యాహ్నాలు కుదురుతుందన్నాను.

"ఉత్త ఇంగ్లీషు వద్దండీ. ఇడియమ్స్ నేర్పండి. చదువు రానివాడి నోట్లోంచి ఇడియమ్ వస్తే తెల్లవాళ్ళు మురిసిపోతారు. ఒక్క మాట పట్టుకుని దాని చుట్టూ ఉన్నవన్నీ నేర్పితే వాళ్ళకూ గుర్తుంటాయి. మాట నేనే ఎంచాను, వాటర్" అన్నాడాయన.

అంటూనే సంచిలోంచి మినరల్ వాటర్ సీసా తీసి రెండు గుక్కలు తాగాడు. ఆ చుట్టుపక్కల నీళ్ళన్న మాట ఎత్తడానికి ఎవరికైనా కాస్త సిగ్గుండాలి. ఆయనకు లేదు.

ఫ్యాక్టరీకి పల్లంలో ఒక ఊరుంది. పక్కన వాగు. వాగంటే పేరుకే, అందులో పారేది ఏమిటో ఫ్యాక్టరీ వాళ్ళకే తెలియాలి. గోధుమరంగులో, పైన నురగ. ఊరి బోరు నీళ్ళు తోడినప్పుడు తెల్లగానే కనిపిస్తాయి. సాయంత్రానికి బిందెలో పచ్చటి తెట్టు కడతాయి. ఒకసారి దాహం ఆగక గుక్కెడు నోట్లో పోసుకున్నాను. నాలుకకు కిరసనాయిలు పూసినట్టయింది, బస్సు సంగారెడ్డి చేరేదాకా కడుపులో తిప్పుతూనే ఉంది. ఆ ఊరికి చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళు తమ నీళ్ళ క్యాను తామే మోసుకొస్తారు. ఇంటికొచ్చిన మనిషికి గ్లాసుడు మంచినీళ్ళు ఇవ్వలేని బతుకు ఎంత నగుబాటో ఆ ఊరి ఆడవాళ్ళ ముఖాల్లో చూశాను.

పాఠం క్యాంటీన్లో. మొదటి శనివారం అయిదుగురు వచ్చారు. మూడో వారానికి ఒక్క ఐలన్నే మిగిలాడు. నలభై దాటిన మనిషి, ఆ పల్లపు ఊరివాడే. వాగు ఒడ్డున రెండెకరాలుండేవి. ఇప్పుడు అందులో తుమ్మ కూడా మొలవదు. పదేళ్ళుగా ఫ్యాక్టరీ మురుగు ట్యాంకు దగ్గర కాంట్రాక్టు హెల్పర్. తెల్లవాళ్ళు వచ్చినరోజు వాళ్ళ ముందు నిలబడి, శుభ్రం చేసిన మురుగునీళ్ళు ఒక గ్లాసు తాగి, రెండు ఇడియమ్స్ చెబితే పర్మనెంటు చేస్తానని మేనేజర్ మాట ఇచ్చాడు. పర్మనెంటయితే దవాఖాన కార్డు వస్తుంది. భార్య దేవమ్మకు ఒళ్ళంతా దద్దుర్లు, కిడ్నీలు కూడా సరిగ్గా లేవన్నారట. ఐలన్నకు ఇంగ్లీషు మీద ప్రేమేమీ లేదు, ఆ కార్డు కోసమే కూర్చున్నాడు.

"ఇన్ హాట్ వాటర్ అంటే చిక్కుల్లో పడడం" అని చెప్పాను.

"ఉడుకునీళ్ళంటే సుకమే గద టీచరమ్మా. ఒళ్ళు నొప్పులు పోతయ్. గండ్ల చిక్కేంది?"

"ఇంగ్లీషువాళ్ళను అడగాలి ఐలన్నా."

పోర్ కోల్డ్ వాటర్ దగ్గర మాత్రం ఆయన ముఖం వెలిగింది. "గిది మనకూ ఉన్నది. ఆశల మీద నీళ్ళు సల్లిండు అంటం గద." ఇక అక్కణ్ణుంచి ప్రతిదానికీ మన మాట వెతకడం మొదలుపెట్టాడు. తల నీళ్ళ పైకి పెట్టుకోవడమంటే ఎలాగో ఒకలా బతుకు ఈడ్చడమని చెబితే, గదైతే నాకు నేర్పాల్సిన పని లేదన్నాడు. నీళ్ళు నమిలిండు అనేదాన్ని ఇంగ్లీషులో ఏమంటారని అడిగాడు. వాటర్‌తో అలాంటిది నాకేదీ తట్టలేదు.

"గంత మంచి మాట ఆళ్ళకు లేదా?" అని ఇంగ్లీషువాళ్ళ మీద జాలిపడ్డాడు.

నవ్వుకున్నాం. ఆ కంపులో కూడా నవ్వొచ్చిందంటే అది ఐలన్న గొప్పే. అంతలో శేషగిరి వచ్చి మా నవ్వు ఆపాడు.

"వాటర్ అండర్ ద బ్రిడ్జ్ అయిందా? అదే ముఖ్యం. వాగు గొడవ గురించి వాళ్ళు ఎవరినైనా అడిగితే ఇతను చెప్పాల్సింది అదే. జరిగిందేదో జరిగిపోయింది, ఇప్పుడు దాని ఊసెందుకని."

క్యాంటీన్ కిటికీలోంచి వాగు మీది వంతెన కనిపిస్తుంది. ఐలన్న అటు చూశాడు. "సార్, ఆ బిర్జి కింది నీళ్ళు యాడికీ పోలె. ఆడనే ఉన్నయ్."

"అది భాషయ్యా. నువ్వు అర్థాల జోలికి పోకు, నోటికి రానీ చాలు" అన్నాడు మేనేజర్. పొలం పోయినవాడి నోట, పొలాన్ని చంపినదాన్ని మర్చిపోయామని చెప్పించడం. దానికి నా చేత పాఠం. ఛీ అనిపించింది. ఆ మాట పైకే అనేదాన్ని, కానీ ఐలన్న అప్పటికే ఆ ముక్కను పెదాలు కదుపుతూ బట్టీ పడుతున్నాడు.

తెల్లవాళ్ళు వచ్చే రోజు నన్నూ రమ్మన్నారు. మురుగు ట్యాంకు పక్కన కొత్తగా గోడ కట్టి, తెల్లసున్నం వేసి, మెరిసే స్టీలు కుళాయి బిగించారు. శుభ్రమైన మురుగునీరు అందులోంచే వస్తుందని బోర్డు. నిజానికి గోడ వెనక ఒక పెద్ద డ్రమ్ముంది. మంజీరా నది మంచినీళ్ళు ట్యాంకర్లో తెప్పించి అందులో నింపారు. ఐలన్న తాగాల్సింది అవే. నాకు ఇది తెలిసినప్పుడు అసహ్యం వేసింది గానీ, మనిషి మంచినీళ్ళే తాగుతాడు కదా అని ఊరుకున్నాను.

ఐలన్న ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని వచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"టీచరమ్మా, ఎవ్వరికి జెప్పకుర్రి. పొద్దుగాల ట్యాంకర్ వస్తుంటే మా ఊరి ఆడోళ్ళు బిందెలు వట్టుకొని అడ్డం నిలవడ్డరు. మంచినీళ్ళ ట్యాంకర్ మా ఊరి మీదికెల్లి నిండుగ ఎన్నడు పోలె. ఎవ్వరిదని ఆళ్ళు అడుగరు. మా దేవమ్మ గూడ రెండు బిందెలు నింపుకున్నది. ఖాళీ బండి తెస్తే తిడ్తరని డ్రైవర్ మా బోరు కాడ నింపుకొని వచ్చి డ్రమ్ముల వోసిండు."

"అయితే ఆ డ్రమ్ములో ఉన్నవి..."

"మా బోరు నీళ్ళే."

నాకు ఆరోజు బస్సులో పడ్డ అవస్థ గుర్తొచ్చింది. మేనేజర్‌కు చెబుతాను, నువ్వు తాగొద్దన్నాను.

"చెప్తే ఇయ్యాల్టి పని ఆగుతది. డ్రైవర్ నౌకరి పోతది, నాది రాకుండ పోతది. జెర ఊకోర్రి. దినాం తాగేటియే గద, ఇయ్యాల కొత్తగ తాగేదేంది" అన్నాడు.

ఇద్దరు తెల్లవాళ్ళు వచ్చారు. ఒక ముసలాయన, ఆయన వెనక చేతిరుమాలు ముక్కు మీంచి దించని ఒకామె. ఐలన్న కుళాయి తిప్పి గ్లాసు నింపాడు. గటగటా ఆపకుండా తాగేశాడు. ముఖంలో ఒక్క గీత కదలలేదు. మూతి తుడుచుకుని చేతులు కట్టుకున్నాడు.

"ఆల్ వాటర్ అండర్ ద బ్రిడ్జ్, సర్. నౌ హెడ్ అబవ్ వాటర్, సర్."

వాళ్ళు చప్పట్లు కొట్టారు. ముసలాయన మురిసిపోయి శేషగిరి వైపు తిరిగి, మీరూ ఒక గ్లాసు తాగి చూపించండి అన్నాడు. శేషగిరికి భయమెందుకు? డ్రమ్ములో ఉన్నది మంజీరా నీళ్ళని ఆయన ధైర్యం. అంచు దాకా నింపుకుని, ఫోటో తీసేవాడి వైపు చూసి నవ్వి, నోటి నిండా పోసుకున్నాడు.

అక్కడే ఆగిపోయాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. మింగలేడు, అంతమంది ముందు ఉమ్మలేడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కులోంచి ఒక చుక్క కారి మీసం మీద నిలిచింది. చూడలేక ముఖం తిప్పుకున్నాను. కానీ నిజం చెబుతున్నాను, నాకు జాలి కలగలేదు, సంతోషమే కలిగింది. ఆయన ఒక్కసారిగా గోడ వెనక్కి పరుగెత్తాడు. వాంతి చేసుకుంటున్న చప్పుడు అందరికీ వినిపించింది.

ముసలాయన నవ్వు పోయింది. గ్లాసు వైపు అనుమానంగా చూశాడు. ఇక అయిపోయింది, బండారం బయటపడింది అనుకున్నాను. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఐలన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. తర్వాత మేనేజర్ వదిలేసిన ఆ ఎంగిలి గ్లాసే అందుకుని, మిగిలిన నీళ్ళన్నీ తాగేశాడు. నేను నేర్పని ఇంగ్లీషులో తనంతట తనే మాట్లాడాడు.

"నో ప్రాబ్లం, సర్. మై హౌస్ వాటర్, సర్. డైలీ."

ముసలాయన కాసేపు ఐలన్ననూ, గోడ వైపూ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత ఆయన ముఖం తేలికపడింది. మీ మేనేజర్‌ది పట్నం కడుపు అన్నాడు నాతో. చేతిరుమాలు ఆమె కూడా నవ్వింది. అందరూ భోజనాలకు వెళ్ళారు. బల్ల మీద ప్రతి కంచం పక్కనా ఒక మినరల్ వాటర్ సీసా ఉంది. ఒక మనిషి ఇంట్లో రోజూ తాగే నీళ్ళు మరో మనిషి నోట్లో నిలవలేదంటే, దాని అర్థం కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వాళ్ళకు కనుక్కోవాలని లేదు. అక్కడ తిన్న వాళ్ళ మీదా, వడ్డించిన వాళ్ళ మీదా నాకు ఒకేలా రోత పుట్టింది. నేను తినకుండా బయటికొచ్చేశాను.

పై వారం నా డబ్బుల కోసం వెళితే శేషగిరి మహా హుషారుగా ఉన్నాడు. ఆర్డరు ఖాయమైందట. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"అసలు ఆ డ్రమ్ములో ఏముందో తర్వాత తెలిసిందండీ. మొదట డ్రైవర్ని తన్నాలనిపించింది. కానీ ఆలోచిస్తే మంచిదే అయింది. ఇలాంటి మనిషి లక్షల్లో ఒకడు దొరకడు. ఇక డ్రమ్ములూ ట్యాంకర్లూ ఎందుకు? ఎవరు తనిఖీకి వచ్చినా ఐలన్నను నిలబెడితే సరి. అందుకే వెంటనే పర్మనెంటు చేశాం. వచ్చే నెల పొల్యూషన్ బోర్డు వాళ్ళొస్తున్నారు. ఈసారి ఫైర్ మీద ఇడియమ్స్ నేర్పుతారా?"

ఇంకెవరినైనా చూసుకోమని లేచాను. ఎందుకని అడిగాడు. మీ ముఖం చూస్తే నాకు కడుపులో తిప్పుతోందన్నాను. ఆయన దాన్ని నా ఆరోగ్యం సంగతి అనుకుని, టాబ్లెట్ కావాలా అన్నాడు.

గేటు దగ్గర ఐలన్న ఎదురొచ్చాడు. మెడలో కొత్త ఐడెంటిటీ కార్డు. దేవమ్మను పెద్ద దవాఖానలో చూపించాడట. మందులు రాశారట. మంచినీళ్ళు బాగా తాగాలని చెప్పారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వాడు, నేను నవ్వలేకపోయాను.

"వచ్చే నెల మళ్ళీ తాగుతావా ఐలన్నా?" అని అడిగాను.

"తాగకుంటె ఎట్ల టీచరమ్మా? గందుకే గద నన్ను పర్మనెంటుల తీసుకున్నది."

"అది నీళ్ళు కాదు ఐలన్నా, విషం. నీకు మాత్రం తెలియదా?"

"ఎర్కే." కార్డును చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. షిఫ్టు సైరన్ కూసింది. లోపలికి వెళ్ళబోతూ ఆగి, నన్ను ఊరడిస్తున్నట్టు చెప్పాడు.

"నేను తాగితె జీతమన్న వస్తున్నది టీచరమ్మా. ఇంట్ల మావోళ్ళు ఉత్తగనే తాగుతున్నరు."