ఏమని పిలవడం

...పోనీ అంకుల్ అనే ఉంచేస్తే? అమ్మ ఈయన్ని పెళ్లి చేసుకోకముందు తను అలాగే పిలిచేది కదా, టైలరంకుల్ అని. కానీ బస్సు కండక్టరూ అంకులే, గ్యాసుబండ తెచ్చేవాడూ అంకులే. అమ్మ పక్కన కూర్చునే మనిషిని తీసుకెళ్లి ఆ వరసలో నిలబెడితే అమ్మకి చిన్నతనం. నాన్నా అందామంటే, పోయిన నాన్న ఆ మాటను తనతోనే పట్టుకుపోయాడు.

కొండ ఎక్కుతున్నంతసేపూ ఆమె మనసు ఈ సూదిలోకే దారం ఎక్కిస్తోంది. ఎక్కడం లేదు.

ఆమె ఉద్యోగమే పిలవడం. ఆసుపత్రిలో అద్దాల గది వెనక కూర్చుని, మైకు నొక్కి, రోగుల్ని పేరుపేరునా పిలుస్తుంది. ఎంత వంకర పేరైనా నాలుక తడబడదు. చెవిటి ముసలాళ్లు కూడా మొదటి పిలుపుకే లేచి నిలబడతారు. ఇంటికొస్తే మాత్రం ఆ ఒక్క మనిషికీ పిలుపు దొరకదు. "టీ చల్లారిపోతోంది" అంటుంది గోడవైపు చూసి. అది తనకేనని కనిపెట్టి ఆయనే లేచి వస్తాడు.

పొద్దున బస్సులో అమ్మ చెవి కొరికింది.

"బాబాయ్ అనవే. నోరేమన్నా అరిగిపోతుందా? ఆయన పైకి అనడు గానీ ఎదురుచూస్తాడు."

"అంటాలే."

"ఎప్పుడు, కొండ దిగాకా?"

ఆకాశం కూడా ఆమెలాగే ఎటూ తేల్చుకోలేకపోతోంది. ఎండ మాడ్చింది. వాన కోట్లు బయటికి తీసేలోపు తడిపేసింది. తొడుక్కోగానే ఆగిపోయింది.

"మా కొట్టుకొచ్చే కొందరి టైపు ఇది. బిగించమంటారు, బిగిస్తే వదులు చెయ్యమంటారు" అన్నాడు టైలరు, కోటు విప్పుతూ. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వును కూడా చెట్టువైపు తిప్పింది.

సాయంత్రానికి డేరా నిలబడింది. ఆయన సొంతంగా కుట్టింది. పైన వానకి ఆగే గుడ్డ, లోపల కొట్లో మిగిలిన కర్టెన్ గుడ్డ, పళ్లేలంత పువ్వులతో. అమ్మ అందులోకి దూరి, నొప్పెడుతున్న మోకాలు చాపుకుని, "గెస్టు హౌసులా ఉందండీ" అని కళ్లు మూసుకుంది.

మిగతా ఇద్దరూ కింద ఊట దగ్గరికి నీళ్లకి వెళ్లారు. ఆయన డబ్బా నింపుతుంటే, మాటలు లేని ఆ కాసేపు భరించలేక ఆమె తన సీసా పట్టుకుని ముందే పైకి వచ్చేసింది. సగం దారిలో వెనక్కి తిరిగి చూస్తే ఊటా లేదు, ఆయనా లేడు. మబ్బు కొండ మీదికి దిగిపోయింది. చాచిన చెయ్యి మోచేతి దాకానే కనబడుతోంది.

"ఇటు" అని అరిచింది.

"ఇటు, ఇటు" అని కుడివైపు నుంచి ఎవరో అరిచారు. అక్కడెక్కడో డేరాలు వేసుకున్న కాలేజీ కుర్రాళ్లు తమవాళ్లని పిలుచుకుంటున్నారు. మబ్బులో ఎవరి ఇటు వాళ్లది.

ఏమీ తోచక, రోజూ ఇంట్లో చెవిన పడే మాటే నోటికొచ్చింది.

"ఏమండీ."

"వస్తున్నానోయ్" అంది మబ్బు. తల్లీకూతుళ్లది ఒకే గొంతని ఫోనులో అందరూ పొరబడుతూనే ఉంటారు. "కదలొద్దన్నానా, ఆ మోకాలితో ఎందుకు లేచావు? ఇదిగో, మనమ్మాయి పక్కనుంటే వినపడనివ్వకు. నా బూటు అడుగు ఊడొచ్చింది. కొలతల టేపుతో కట్టుకుని కుంటుతున్నా. కొండలు నాకు కొట్టినపిండి అని పొద్దుట్నుంచీ కోతలు కోశాను కదా, తెలిస్తే పడీపడీ నవ్వుతుంది."

ఆమె నిజంగానే నోరు నొక్కుకుని నవ్వింది. నవ్వు మధ్యలో ఒక మాట వెనక్కొచ్చి తగిలింది. ఎదురుగా ఉన్నప్పుడు ఎప్పుడూ 'మీ అమ్మాయి' అనే అంటాడు అమ్మతో. మబ్బు చాటున మనమ్మాయి. ఆయనా తనలాగే ఒక మాటని నోట్లో పెట్టుకుని, బయటికి తియ్యలేక తిరుగుతున్నాడన్నమాట.

"ఇటు రండ్రా" అన్నారు కుర్రాళ్లు.

"ఓహో, అటా" అంది టైలరు గొంతు. బూటు టపటపలు కుడివైపుకి మళ్లాయి. అటంతా జారుడు బండ. వచ్చేటప్పుడు ఆయనే చూపించి జాగ్రత్త చెప్పాడు.

"అటు కాదు, ఇటు" అని అరిచింది.

"అటు కాదు, ఇటు" అని కుర్రాళ్లూ ఎవరినో అరిచారు.

టపటపలు ఆగలేదు. మళ్లీ ఏమండీ అనబోయి ఆగింది. అది అమ్మ పిలుపు. ఒకసారి పొరపాటున వాడుకుంది, దాని వెనక అమ్మ కోసం దాచినవి కూడా విన్నది. చాలు.

నీళ్ల సీసా కింద పెట్టింది. అరచేతులు రెండూ నోటి చుట్టూ దొప్పలా పెట్టుకుని, మొదటి పిలుపుకే తిరిగి చూసేలా, "బాబాయ్" అని పిలిచింది.