నన్ను ఎత్తితే మాట ఆగిపోయేది

నేను ఒక మూత ఉన్న టీ కప్పుని. చైనాలో, జింగ్‌దెజెన్ బట్టీలో కాలి, నునుపు తేలి, మంచూ రాజుల కాలంలో గవర్నర్ పాంగ్ గారి బల్ల మీదికి చేరాను. నా పని టీ తాగించడమే అనుకునేరు! అప్పటి అధికారుల ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది. దొర తన కప్పు పైకెత్తాడంటే వచ్చినవాడు లేవాల్సిందే. గుమ్మంలో కాచుకున్న నౌకరు అది చూసి సాగనంపే కేక వేస్తాడు. పొమ్మన్న పాపం దొరకి అంటదు, అదంతా నా నెత్తినే.

బీజింగులో చక్రవర్తి సంస్కరణలంటున్న రోజుల్లో షెన్ అనే బడిపంతులు ఒక అర్జీ తెచ్చాడు. ప్రతి జిల్లాలో జనం ఎన్నుకున్న సభ ఉండాలి, అధికారిని అది నిలదీయాలి అని అందులో రాశాడు. గవర్నర్ ముద్ర పడితేనే అది చక్రవర్తి దాకా పోతుంది. టపా గుర్రం ఆ మధ్యాహ్నమే బయలుదేరుతోంది.

"చట్టాలదేముంది నాయనా! కుర్చీలో మంచివాడుంటే చాలదూ?" అన్నారు పాంగ్ గారు.

"ఆ మంచివాడు వచ్చేదాకా జనం ఏమైపోవాలి ప్రభూ? చెడ్డవాడొస్తే ఎవరితో చెప్పుకోవాలి?"

అమ్మో, ఇంత మాటన్నాక నన్నెత్తరూ? ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా హడలి చచ్చాను. ఎత్తలేదు. నాలో టీ చల్లారిపోయింది. సభలో భూస్వాములే చేరితే ఎలా అని ఆయన అడుగుతున్నారు, షెన్ చెబుతున్నాడు. చివరికి పాంగ్ గారు అర్జీ ముందుకు లాక్కుని ముద్ర పెట్టె తెరిచారు.

భయానికేమో, ఆయన గొంతెండిపోయింది. కళ్ళు కాగితం మీదే ఉంచి, చెయ్యి చాచి నన్నెత్తారు. ఉత్త దాహానికి!

"అతిథిగారు బయలుదేరుతున్నారహో!" గుమ్మంలోంచి నౌకరు ముసలి ఫూ కేకేశాడు.

షెన్ మొహం పాలిపోయింది. లేచి, వంగి నమస్కరించి, అర్జీ తీసుకున్నాడు. ఆపుదామని పాంగ్ గారు నోరు తెరిచారు. ఆ కేక పడ్డాక అతిథిని ఆపిన దొర లేడు, నౌకర్లు చూస్తున్నారు. నోరు మూసుకున్నారు. 'కూర్చో' అన్న ఒక్క మాట అనలేకపోయాడు మహానుభావుడు! నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ముద్ర లేని అర్జీ పట్టుకుని షెన్ తానే రాజధానికి వెళ్ళాడు. అప్పటికి అక్కడ గాలి మారింది, చక్రవర్తినే బంధించి సంస్కర్తల తలలు తీస్తున్నారు. అతను తిరిగి రాలేదు. పాంగ్ గారు మళ్ళీ నాతో టీ తాగలేదు.

ఇప్పుడు నేను మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. మొన్న ఇద్దరు విద్యార్థులు నా ముందు నిలబడి వాదించుకున్నారు.

"నాయకుడు మంచివాడైతే చాలు కదా?" అన్నాడు అబ్బాయి.

"అతను తప్పు చేస్తే అడిగేదెవరు?" అంది అమ్మాయి.

అబ్బాయి ఏదో చెప్పబోయాడు. వెనక కాపలావాడి అడుగుల చప్పుడైంది. ఇద్దరూ చప్పున మాట ఆపేసి, తలలు వంచుకుని వెళ్ళిపోయారు.

ఒట్టు, నన్నెవరూ ఎత్తలేదు.