శుక్రవారం మెట్టు

మా జీపు ఎడమవైపు మెట్టు విరిగి ఆరేళ్లయింది. మా ఆవిడ స్వర్ణలత ఆ జీపెక్కి కూడా ఆరేళ్లయింది. ఈ రెండు సంగతులూ విడివిడిగా చెబితే మామూలుగానే ఉంటాయి, కలిపి చెబితే తప్పు నాదని తెలిసిపోతుంది. అందుకే ఇన్నాళ్లూ విడివిడిగానే చెప్పుకొచ్చాను.

నా పేరు యుగంధర్. ముప్పై ఏళ్లపాటు బోరు పాయింట్లు చూడటమే నా పని. మిషన్ పెట్టి, నేల కింద నీళ్లెక్కడున్నాయో చెప్పేవాణ్ణి. మెదక్, నారాయణఖేడ్ వైపు రోడ్డు లేని ఊళ్లన్నీ ఈ జీపు మీదే తిరిగాను. సీతాఫల్‌మండిలో మా ఇంటి సందు ఎంత ఇరుకంటే, బండిని కుడివైపు గోడకు ఆనించి పెడితే తప్ప పక్కనుంచి స్కూటరు కూడా పోదు. డ్రైవరు సీటు గోడవైపు ఉండిపోయేది. నేనూ ఎడమవైపు నుంచే ఎక్కి లోపల జరిగేవాణ్ణి. గేరు రాడ్డు మోకాలికి తగిలి తిట్టుకోని రోజు లేదు.

ఆ మెట్టు రాంగోపాల్‌పేట్‌లో విరిగింది, మా మేనకోడలి పెళ్లయి తిరిగొచ్చేటప్పుడు. స్వర్ణ కాలు పెట్టగానే ఫట్‌మని కుంగింది. ఆమె మోకాలు నేలకు కొట్టుకుంది. చుట్టూ బంధువులు. పట్టుకుని లేపాల్సింది పోయి నేనేమన్నానో తెలుసా? "ఇది మనుషులెక్కే బండి, వడ్ల బస్తాలెక్కేది కాదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పాడు నోరు. ఆమె చీర దులుపుకుని, ఆటో పిలిచి ఒక్కతే వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక తిట్టినా బాగుండేది. నేనూ నాలుగు అనేవాణ్ణి, అక్కడికి అయిపోయేది. ఆమె ఏమీ అనలేదు.

అప్పట్నుంచి ఎక్కడికైనా ఆటో, లేదంటే ఎంఎంటీఎస్ రైలు. నేను తక్కువ తిన్నానా! మెట్టు బాగుచేయిస్తే ఓడిపోయినట్టవుతుందని, దాన్ని తీగతో కట్టి వదిలేశాను. రెండేళ్లుగా నా మోకాళ్లే నా మాట వినడం లేదు. జీపెక్కాలంటే చువ్వ పట్టుకుని వేలాడాల్సి వస్తోంది. అయినా ఊరుకున్నాను.

మొన్న సోమవారం మా పక్కింటి కుమారి వచ్చింది. విజయనగరం నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా మా పక్కనే ఉంటున్నారు. శుక్రవారం తమ కారులో ఏడుపాయల అమ్మవారి గుడికి పోతున్నామని, పిన్నిగారిని కూడా తీసుకెళ్తామని చెప్పింది. స్వర్ణ సరేనంది. నన్ను వస్తావా అని అడిగినవాళ్లు లేరు.

ఏడుపాయలంటే మాకు జీపు ప్రయాణమే. పెళ్లయిన ఏడాది నుంచీ మెట్టు విరిగేదాకా ప్రతి సంవత్సరం వెళ్లాం. ముందు అద్దం మడిచేసి, చలిగాలి మొహానికి కొడుతుంటే ఆమె కొంగు తలకు చుట్టుకుని కూర్చునేది. దర్శనమయ్యాక మంజీర ఒడ్డున బండి ఆపితే, ఆ ఎడమ మెట్టు మీదే కూర్చుని సర్వపిండి డబ్బా తెరిచేది. నేను కింద రాళ్ల మీద కూర్చుని తినేవాణ్ణి. ఆ రుచి ఇంట్లో ఎందుకు రాదో నాకిప్పటికీ తెలియదు. ఆమె ఆ దారిన పక్కింటివాళ్ల కారులో పోతుందంటే ఊరుకోలేకపోయాను. మర్నాడు పొద్దున్నే జీపు తీసుకుని బోయిగూడలో పర్వతాలు షెడ్డుకు పోయాను.

జీపు కొన్న కొత్తలో ఆ మెట్లు చేసింది పర్వతాలే. ఇనుప రేకు మడిచి, డబ్బాలా అతికి, రెండు పక్కలా బిగించాడు. ఇప్పుడతనికీ జుట్టు నెరిసింది. రెండు మెట్లూ విప్పి నేల మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. అది పోయింది సార్, అల్యూమినియంవి తెచ్చి బిగిస్తా అన్నాడు. కుదరదన్నాను. ఇదే మెట్టు కావాలి, గురువారం సాయంత్రానికి కావాలి అన్నాను. నా గొంతు లేచేసరికి అతను గ్రైండరు అందుకున్నాడు.

కాసేపటికి గ్రైండరు ఆపి నన్ను పిలిచాడు.

"వానకు తుప్పు వడితే రెండూ పోవాలె గద సార్. కుడిదానికి జెర మచ్చ సుత లేదు. గిటు చూడు."

ఎడమ మెట్టుకు నల్ల రంగు లేచిపోయిన చోట, రేకు మడతల్లో, పసుపు గట్టిపడి ఉంది. మధ్య మధ్య కుంకుమ ఎరుపు. మా ఇంటి గడప మూలల్లో ఎలా పేరుకుంటుందో అలాగే. రెండు చివరలా పొరలు పొరలుగా ఉంది. మధ్యలో ఒక జానెడు మేర మాత్రం ఏమీ లేదు.

నాకు కాసేపటికి గానీ వెలగలేదు. శుక్రవారం పొద్దున నేను టిఫిన్ చేస్తుంటే ఆమె గడప కడిగి పసుపు రాసేది. నేను బయటికొచ్చేసరికి జీపు మెట్టు తడిగా ఉండేది. దుమ్ము కడిగిందనుకునేవాణ్ణి. కిందికి చూసే అలవాటు నాకెప్పుడుంది గనక! ఇంటి గడప దాటాక నేను కాలు పెట్టేది ఆ మెట్టు మీదే. దాన్నీ గడపే అనుకుంది. గడపను తొక్కకూడదు, నేనేమో తొక్కక తప్పదు. అందుకని నా బూటు పట్టేంత చోటు మధ్యలో వదిలి, రెండు పక్కలా బొట్లు పెట్టింది. ఆ నీళ్లు బోల్టుల సందుల్లోంచి లోపలికి దిగి, నిలిచి, ఏళ్ల తరబడి రేకును తినేశాయి.

ముందుగా నాకేమనిపించిందో కూడా చెబుతాను. ఫోను తీశాను. "చూశావా, నీ పసుపునీళ్ల వల్లే విరిగింది" అని ఆమెతో అందామని. నా బుద్ధి అలాంటిది. పర్వతాలు నా చేతిలో ఫోను వంక చూశాడు.

"అమ్మది తప్పు గాదు సార్. లోపటికి పోయిన నీళ్లు బయటికి పోనీకి నేను తొవ్వ పెట్టలే." గ్రైండరు కింద పెట్టాడు. "ముప్పై ఏండ్లు గుట్టలల్ల తిరిగినవ్. బండి ఒక్కనాడన్న బోల్తా పడ్డదా?"

పడలేదు. ఫోను జేబులో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. నూట యాభై అడుగుల లోతున నీళ్లున్నాయని చెప్పినవాణ్ణి, నా కాలి కింద నీళ్లు కనిపెట్టలేకపోయాను. అది చాలక, ఆమెనే బస్తా అన్నాను. ఇంత సిగ్గు నాకెప్పుడూ వేయలేదు.

మూడు రోజులూ షెడ్డులోనే ఉన్నాను. పర్వతాలు తుప్పు తిన్న చివరలు కోసేసి, కొత్త రేకు అతికాడు. రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, ఆ పైన నలుపు. రంగు వేసేముందే అడుగున నాలుగు రంధ్రాలు వేయమన్నాను. ఎందుకని అతను అడగలేదు.

శుక్రవారం పొద్దున సందు మొదట్లో కుమారి వాళ్ల కారు ఆగి ఉంది. కుమారి, ఆమె భర్త, ఎదురింటివాళ్లు ఇద్దరు ముగ్గురు అక్కడే నిలబడి మాట్లాడుకుంటున్నారు. స్వర్ణ సంచీ పట్టుకుని గడప దాటింది. మాట అన్నది పదిమందిలో కాబట్టి తీసుకోవాల్సిందీ పదిమందిలోనే అనుకున్నాను. జీపు మెట్టు పక్కన నిలబడ్డాను.

"స్వర్ణా," అన్నాను, అందరికీ వినబడేట్టు. "ఆనాడు మెట్టు విరిగింది నీ బరువుకు గాదు. నేను క్షేమంగ ఇల్లు చేరాల్నని నువ్వు పోసిన నీళ్లకు. నాకు తెల్వక గంత మాట అన్న. తప్పైంది. ఇప్పుడు అడుగున నాలుగు తొవ్వలు పెట్టించిన. ఎన్ని పోసినా నిల్వయి."

ఆమె నన్నూ, మెట్టునూ చూసి, సంచీతోనే వెనక్కి తిరిగి లోపలికి పోయింది. అయిపోయిందనుకున్నాను. కుమారి పాపం తల దించుకుంది.

స్వర్ణ చెంబుతో, పసుపు గిన్నెతో మళ్లీ బయటికొచ్చింది. మెట్టు మీద నీళ్లు పోసింది. మోకాలు పట్టుకుని వంగి అడుగున చూసింది. నాలుగు చోట్లా నీళ్లు ధారగా కారాయి. అవి ఆగేదాకా చూసి పసుపు రాసింది, బొట్లు పెట్టింది, మధ్యలో జానెడు వదిలింది. ఆరేళ్లయినా ఆ జానెడు కొలత తప్పలేదు.

నేను ముందెక్కి జరిగాను. గేరు రాడ్డు మోకాలికి తగిలింది. తిట్టుకోలేదు. ఆమె ఒక కాలు ఎత్తి మెట్టు దగ్గర ఆగింది.

"వడ్ల బస్తా ఎక్కొచ్చునా?" అంది.

చెయ్యి చాపాను. నా చెయ్యి పట్టుకోకుండా, చువ్వ పట్టుకుని తనే ఎక్కింది. మెట్టు కదల్లేదు. సంచీ ఒళ్లో పెట్టుకుని కొంగు తలకు చుట్టుకుంది. సంచీలోంచి సర్వపిండి వాసన వచ్చింది. డబ్బా ఇద్దరికి సరిపోయేంత పెద్దదే.