కొంగ మోకాలు

లాండ్రీ తలుపు తీయగానే అక్క చేసే మొదటి పని, బట్టలుతికే మెషిన్ల చిల్లర డబ్బాలు ఖాళీ చేయడం. ఒక్కో మెషిన్ ముందూ గొంతుక్కూర్చుని, తాళం తిప్పి, డబ్బా లాగి, మడతబల్ల మీద పరిచిన పాత తువ్వాలు మీద గుమ్మరించేది. తువ్వాలు చప్పుడు కాకుండా ఉండటానికి. పై వాటాలో నిద్రపోతున్న ఆమె మొగుడు బస్సు డ్రైవరు. చిల్లర గలగల వినిపిస్తే స్టాపు వచ్చిందనుకుని నిద్రలోనే కాలు బ్రేకు మీద వేసి, మంచం తన్నుకునేవాడు.

వీధి వీధంతా ఆమెను అక్క అనేది. ఆ లెక్కన ఆ డ్రైవరు ఊరందరికీ బావ.

భూతద్దం పట్టుకుని అక్క ఆ చిల్లరంతా ఒక్కొక్కటిగా తిప్పి చూసేది. అచ్చు రెండుసార్లు పడి అక్షరాలు జంటగా కనిపించేవి, అంచు గీతలు లేకుండా నున్నగా ఉండిపోయినవి, బొమ్మకు బొరుసు తలకిందులుగా పడ్డవి ఏరి పక్కన పెట్టేది. మెషిన్ల చిల్లర చూడటం అయిపోతే దాన్ని బ్యాంకుకు పట్టుకెళ్ళి, బదులుగా కాగితంలో చుట్టిన చిల్లర రోల్స్ తెచ్చుకుని అవీ విప్పేది. చిల్లర తెచ్చి మళ్ళీ చిల్లరే పట్టుకెళ్ళే మనిషిని మిమ్మల్నే చూశానండీ అని క్యాషియరు నవ్వేవాడు. ఆమెకేం అమ్ముకోవాలని కాదు. ఇన్ని చేతులు మారినా ఎవరి కంటా పడనిది తన కంట పడాలి, అంతే.

ఆ ఊరి చిల్లరలో అప్పుడప్పుడూ రాబోయే సంవత్సరాల నాణేలు తగిలేవి. కూరగాయలమ్మే ఆవిడ వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, ఇది ఇంకా పుట్టలేదు, వేరేది ఇవ్వు తల్లీ అనేది. బ్యాంకు కౌంటరు మీద వాటికోసం ఒక సాసరు ఉండేది. బస్సుల్లో చెల్లేవి కావు. బట్టల మెషిన్లకు మాత్రం బరువు తెలుస్తుంది గానీ సంవత్సరం చదవడం రాదు. అందుకని పుట్టని నాణెం చేతిలో పడ్డవాళ్ళంతా మాసిన బట్టలు మూటగట్టుకుని అక్క దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె వాటిని ఒక సీసాలో వేసి ఉంచి, వాటి సంవత్సరం వచ్చాక ఖర్చు పెట్టేది. తర్వాత ఎలాగూ వేలకు వేలు వస్తాయి కాబట్టి నాణేలు పోగేసేవాళ్ళు కూడా వాటిని లెక్కచేసేవాళ్ళు కాదు.

అక్కకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆటల పోటీల కప్పుల మీద పేర్లు చెక్కేవాడు. ఒకరోజు ఆ షాపు యజమాని అతన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి, పేర్లు చెక్కే మెషిన్ వస్తోందని చెప్పాడు. మనిషి మంచివాడే. గోడౌన్లో అట్టపెట్టెలు సర్దే ఉద్యోగం కూడా తనే చూసిపెట్టాడు. సోమవారం నుంచి చేరాలి.

శనివారం మధ్యాహ్నం తమ్ముడు లాండ్రీకి వచ్చి, గుడ్డలో చుట్టిన తన ఉలులు మడతబల్ల మీద పెట్టాడు. ఇక నాకు వీటితో పనిలేదు, ఎవరికైనా ఇచ్చెయ్యి అన్నాడు. అక్కకు ఏమనాలో తోచనప్పుడు ఎవరి చేతిలోనైనా ఏదో ఒక పని పెట్టడం ఆమె అలవాటు. ఒక రోల్ అతని ముందుకు తోసి, ఊరికే కూర్చునే బదులు ఇది విప్పి చూడరాదా అంది.

అతను విప్పాడు. సగం చూశాక ఒక నాణెం దగ్గర ఆగిపోయాడు. ఆరేళ్ళ తర్వాతి నాణెం అది. బొరుసు వైపు నీళ్ళలో ఒక కొంగ, ఒక కాలు పైకెత్తి, అడుగు వేయబోతోంది.

"అక్కా, ఇది నేను చెక్కింది."

"ఎప్పుడు?"

"ఇంకా చెక్కలేదు."

అక్క భూతద్దం అందుకుంది. కొంగ కాళ్ళ చుట్టూ ఉన్న అలలు చివర్న చిన్నగా మెలి తిరిగి ఉన్నాయి. కప్పుల మీద ప్రతి పేరు చివరా తమ్ముడు తిప్పే మెలిక అదే. ఎవరి చేతిరాత వాళ్ళకు తెలిసినట్టు, చెక్కేవాడికి తన గీత తెలుస్తుంది. ఆమె కాదనలేదు. అయితే ఏళ్ళ తరబడి తప్పులు వెతికిన కన్ను కదా, కాసేపటికి ఇంకోటి కూడా పట్టుకుంది.

"ఒరే, దీని మోకాలు చూడు. ముందుకి వంగింది. కొంగకి వెనక్కి కదూ వంగేది?"

తమ్ముడికి తెలియదు. అక్కకూ గట్టిగా తెలియదు. అప్పుడే మెట్లు దిగొచ్చిన బావని అడిగారు. ఆయన లాండ్రీ మధ్యలో ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు అటూ ఇటూ ఊపి చూసి, మనిషికైతే ముందుకే అని తేల్చాడు. నాణెం సంగతి విన్నాక ఆయనకు సంబరం ఆగలేదు. రాత చేతికే వచ్చింది, ఇక దీన్ని ఉన్నదున్నట్టు దించి పంపడమేగా అన్నాడు. అయిదారేళ్ళకోసారి నాణేలు అచ్చేసే టంకశాలవాళ్ళు కొత్త బొమ్మలు కావాలని పోటీ పెడతారనీ, ఎవరైనా పంపవచ్చనీ బ్యాంకులో అందరికీ తెలుసు.

కానీ తమ్ముడి మనసులో పోటీ లేదు. ఇంత శ్రద్ధగా అలలు చెక్కినవాణ్ణి, కాలు ఎందుకు తప్పు చెక్కాను? చిన్నప్పటినుంచీ కాలువ పక్కనే బతికాడు. అందులో కొంగలున్నాయని తెలుసు. ఒక్కదాన్నీ ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

సోమవారం అతను గోడౌన్‌కని బయల్దేరి కాలువ దగ్గర ఆగిపోయాడు. బూట్లు చేత్తో పట్టుకుని రెల్లు పక్కన బురదలో నిలబడ్డాడు. చాలాసేపటికి ఒక కొంగ వచ్చింది. కదల్లేదు. అతనూ కదల్లేదు. చివరికి అది కాలెత్తింది. కీలు వెనక్కే మడిచి, వేళ్ళు గుప్పిట మూసినట్టు ముడిచి, నీళ్ళలో పెట్టేటప్పుడు మళ్ళీ విప్పింది. అల కూడా లేవలేదు. నాణెం మీద కొంగ వేళ్ళు ముడవలేదు. అంటే, తప్పు ఒక్కటే కాదు.

మోకాళ్ళ దాకా బురదతో లాండ్రీకి వచ్చి ఉలులు తిరిగి అడిగాడు. అక్క ఎవరికీ ఇవ్వలేదు, సబ్బుపొడి సొరుగులో పెట్టి ఉంచింది. గోడౌన్ సంగతి ఆమె అడగలేదు. రేపట్నుంచి పొద్దున పూట దుప్పట్లు మడత పెట్టడానికి మనిషి కావాలి అంది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. తమ్ముడు పొద్దున దుప్పట్లు మడిచేవాడు, సాయంత్రాలు కాలువ దగ్గర గడిపేవాడు. కొంగ మెడ ఎక్కడ వంగుతుంది, చేప గొంతులోకి దిగేటప్పుడు కన్ను ఏమవుతుంది, గాలి ఎదురుగా వీస్తే ఎటు తిరిగి నిలబడుతుంది, అన్నీ అతనికి కావాలి. భోజనం దగ్గర కూడా అవే కబుర్లు. ఈ ఇంట్లో కొంగ ప్రసక్తి లేకుండా ముద్ద దిగదు అని బావ విసుక్కునేవాడు. కానీ కాలువ మీద బస్సు వెళ్ళేటప్పుడు మాత్రం ఆయనే మెల్లగా పోనిచ్చి, చూసింది చూసినట్టు వచ్చి చెప్పేవాడు.

టంకశాల పోటీ కాగితం బ్యాంకు గోడ మీద పడ్డ రోజున తమ్ముడు రెండు అచ్చులు చెక్కాడు. ఒకటి నాణెం మీద ఉన్నట్టే. ఇంకోటి కాలువలో ఉన్నట్టు. రెండూ మడతబల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

బావ ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మాట్లాడాడు. "తప్పుతో గెలుస్తావని నీకు రుజువుంది. దిద్దితే ఏమవుతుందో ఎవడికీ తెలియదు. చేతిలో ఉన్నదాన్ని నీళ్ళలో వదలకు, బామ్మర్దీ."

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఆమె రెండింటి మీదా భూతద్దం తిప్పింది.

"నన్నడక్కు. తప్పంటే నాకు ప్రాణం, సరైందాన్ని నేను ఏరి పక్కన పెట్టను. కానీ అదిగో, కాలువది నడుస్తోంది. నాణెంది నిలబడే ఉంది."

అతను నడుస్తున్నదాన్ని పంపాడు.

ఆ సంవత్సరం వచ్చింది. మొదటి నెలలో కొత్త నాణేలు రాలేదు. రెండో నెలలో క్యాషియరు కౌంటరు దాటి బయటికొచ్చి, రోల్ అక్క చేతిలో స్వయంగా పెట్టాడు. ఆమె అక్కడే నిలబడి విప్పింది. కొంగ. కీలు వెనక్కి వంగింది. ముడిచిన వేళ్ళ నుంచి ఒక చుక్క నీరు జారబోతోంది. రోల్ అంతా అవే.

సీసాలోని పాత నాణెం మాత్రం మారలేదు. దాని మోకాలు ముందుకే వంగి ఉంది. సాయంత్రం లాండ్రీకి వచ్చి చూసిన క్యాషియరు, ఇక దానికి ప్రపంచంలో జతలేదని చెబితే, అక్క మొహం కడుక్కునే నెపంతో లోపలికి వెళ్ళి కాసేపటికి వచ్చింది.

ఆ వారమే ఒక చేపలు పట్టే ముసలాయన వేటకు కట్టుకునే బట్టలు ఉతుక్కోవడానికి లాండ్రీకి వచ్చాడు. మెషిన్లో వేయబోతూ నాణెం వెలుతురుకు పట్టి చూసి, పక్కన దుప్పట్లు మడుస్తున్న తమ్ముడితో మాట కలిపాడు.

"ఎవరో గానీ, బురదలో నిలబడి చేశారయ్యా దీన్ని."

అతనే చేశాడని అక్క చెప్పబోయింది. తమ్ముడు ఆమె వైపు చూడను కూడా చూడలేదు. దుప్పటి వదిలేసి ముసలాయన పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"తాతా, మీరు చీకటితో లేస్తారుగా. లకుముకిపిట్ట నీళ్ళలోకి దూకేటప్పుడు కళ్ళు మూస్తుందా, తెరిచే ఉంచుతుందా?"

ముసలాయన ఆలోచించాడు. ఇన్నేళ్ళలో తననెవరూ ఆ మాట అడగలేదన్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. మెషిన్ తిరిగి తిరిగి ఆగింది. ఇద్దరూ లేవలేదు.