రెండు పొయ్యిల జావ

1978లో ఫ్లూ జ్వరం మండపేటలో మిల్లుల వెనక వీధికి వచ్చేసరికి బడి సగం ఖాళీ అయింది. బస్తాలు మోసే మనుషులు కూడా మూలుగుతూ మంచమెక్కారు. ఇక ఊరుకుంటే లాభం లేదని కిరాణా కొట్టు కుక్కుటేశ్వరరావు వీధివాళ్ళందరినీ చర్చి ఆవరణలో సమావేశపరిచాడు. ఆయన్నే ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు.

జ్వరం వచ్చినవాళ్ళు తగ్గేదాకా గడప దాటకూడదు. బాగున్నవాళ్ళు పూటపూటా నూకల జావ, కాచిన నీళ్ళు వాళ్ళ గుమ్మంలో పెట్టి రావాలి. ఇంతవరకూ అందరూ సరేనన్నారు. పొయ్యి దగ్గరే పేచీ వచ్చింది.

“రెండు పొయ్యిలు పెడదామండి. మావాళ్ళకి మా ఇంట్లో, మీవాళ్ళకి చర్చి దగ్గర,” అన్నాడు కుక్కుటేశ్వరరావు.

చర్చిలో పిల్లలకి పాటలు నేర్పే ఏసమ్మ లేచింది. “ఒక పొయ్యి దగ్గరోళ్ళు పడిపోతే ఏంటండి దారి? అందరికీ ఒక్కటే పెడదాం, షావుకారు గారూ.”

“నాకేం పట్టింపు లేదు ఏసమ్మా. అక్కడ వండింది మా అమ్మ తినదు.”

రెండు పొయ్యిలే ఖాయమయ్యాయి.

ప్రెసిడెంటుగారు సైకిలెక్కి వీధంతా తిరిగాడు. దగ్గుతూ అరుగు మీద కూర్చున్నవాళ్ళని బెల్లు కొట్టి మరీ లోపలికి తోలాడు. అంతలో ఆయనకే ముక్కు కారడం మొదలైంది. మెడకి మఫ్లరు చుట్టుకుని ఏమీ ఎరగనట్టు కొట్లో కూర్చున్నాడు. నూకలకోసం వచ్చిన ఏసమ్మ ఎదుటే, కాటాలో కందిపప్పు ఎగిరిపడేలా తుమ్మాడు.

“ఇంటికి పదండి,” అంది ఏసమ్మ.

“నేను ప్రెసిడెంటునమ్మా!”

“అందుకేనండి. మీరే తిరిగితే ఇంకెవరు వింటారు?”

కొట్టు తలుపులు వేసి ఇంటికి వెళ్తే, భార్య రాజరాజేశ్వరి కూడా దుప్పటి ముసుగేసి ఉంది. పొయ్యి చల్లగా పడి ఉంది. సాయంత్రం గుమ్మంలో క్యారేజీ చప్పుడైంది. రాజరాజేశ్వరి లేచి చూసి, “చర్చి దగ్గర్నుంచండీ,” అంది నెమ్మదిగా.

కుక్కుటేశ్వరరావు తల్లి మంచం వైపు చూశాడు. ఆవిడ అప్పటికే లేచి కూర్చుని గ్లాసు చాపింది. ఊదుకుంటూ తాగింది.

“అల్లం బాగా వేశారు. ఇంకాస్త పొయ్యవే.”

“నువ్వు తినవనుకున్నానమ్మా!”

“నన్నెప్పుడడిగావురా?”

ఆయన తన గ్లాసు అందుకుని గుటుక్కున తాగేశాడు. లేవగలిగిన రోజునే ఇంట్లో ఉన్న పెద్ద గుండిగ రిక్షాలో వేయించి చర్చి ఆవరణకి పంపించాడు. అప్పట్నుంచి వీధంతటికీ ఒకటే పొయ్యి.

చివరికి ఏసమ్మకీ జ్వరం తగిలింది. ఆ పూట జావ కాచింది కుక్కుటేశ్వరరావే. సైకిలు హ్యాండిలుకి క్యారేజీ తగిలించుకుని వెళ్ళి, గుమ్మంలో పెట్టి, వీధిలోనే నిలబడ్డాడు.

“ఎలా ఉందండీ, ఏసమ్మగారూ?”

క్యారేజీ లోపలికి తీసుకుని ఒక గుక్క తాగినట్టుంది, లోపల్నుంచి నీరసంగా నవ్వు వినిపించింది.

“ఉప్పు వెయ్యలేదండీ!”

“అయ్యో, ఉండండి!” అంటూ ఆయన సైకిలు కొట్టు వైపు తిప్పాడు.